తిరుపతిలో మిద్దె ఇల్లు అమ్మి ఫ్లాటుకు మారాలనుకుంటున్నాం, కొండకు వచ్చే చుట్టాల సంగతి ఎలా?

మల్లెపందిరి:

నమస్కారం అందరికీ. మాది తిరుపతి, ఎం.ఆర్.పల్లి. నేను జిల్లా పరిషత్ హైస్కూలులో సైన్సు చెప్పి రిటైరయ్యాను, మావారు ఆర్టీసీలో పనిచేశారు. ఆయనకు 71 ఏళ్లు, నాకు 67. 1996లో 60 అంకణాల స్థలంలో ఇల్లు కట్టుకున్నాం. మా ఊరి కొలత తెలియనివారి కోసం చెబుతున్నాను, తిరుపతిలో అంకణమంటే 36 చదరపు అడుగులు. మొత్తం ఐదు సెంట్లకు కాస్త తక్కువ. కింద హాలు, రెండు పడకగదులు, వంటిల్లు, పూజగది. మిద్దె మీద రెండు గదులు, ఒక పొడవాటి హాలు. అబ్బాయి పూణేలో, అమ్మాయి చెన్నైలో స్థిరపడ్డారు. తిరిగి ఇక్కడికి వచ్చే ఆలోచన లేదని ఇద్దరూ దాపరికం లేకుండా చెప్పారు.

ఇల్లు అమ్మి, లిఫ్టు ఉన్న డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటుకు మారదామని నా పట్టు. మావారికి ఇష్టం లేదు. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆయన మిద్దె ఎక్కడమే మానేశారు. అయినా నన్ను అడిగేది ఒక్కటే: "కొండకు వచ్చేవాళ్లు ఎక్కడ దిగుతారు?"

ఈ ఊళ్లో కాపురం చేసినవారికి ఆ ప్రశ్న బరువు తెలుసు. ఆ పై హాలు మేం కట్టిందే చుట్టాల కోసం. బ్యాంకు అప్పు చాలక కింద గదులకు చాలాకాలం సిమెంటు గచ్చుతోనే సరిపెట్టుకున్నాం గానీ, పై హాలుకు మాత్రం మొదటి ఏడాదే నాపరాళ్లు పరిపించారు ఆయన. అక్కడ ఒక ఇనుప ట్రంకు నిండా దుప్పట్లు, దిండు గలేబులు ఉంటాయి. చాపలు చుట్టి మూలన నిలబెట్టి ఉంటాయి. గోడ గూట్లో వచ్చినవాళ్లు మరచిపోయినవి దాచాను: ఒక కళ్లజోడు, పసిపిల్లల ఊలు టోపీ, మడత విప్పని తువ్వాలు, గుండుకు రాసుకునే గంధం పొట్లం, ఒక ఊతకర్ర. ఎవరివో తెలియదు, పారేయడానికి చేతులు రావు.

వేసవి సెలవులు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి వచ్చాయంటే మా ఇంట్లో కాలు పెట్టే చోటుండేది కాదు. తెల్లవారుజామున అలిపిరి మెట్ల దారిన వెళ్తామన్నవాళ్లకు రాత్రి రెండింటికే లేచి నీళ్లు కాచి, పులిహోర పొట్లాలు కట్టి ఇచ్చేదాన్ని. దాన్ని చాకిరీ అని నేనెప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు నడుము ఒప్పుకోవడం లేదు, అంతే.

ఈమధ్య రాకపోకలు తగ్గాయి. ఉన్నవాళ్లు 300 రూపాయల దర్శనం టికెట్టు ఫోనులోనే తీసుకుని, కారులో వచ్చి హోటల్లో దిగి, తిరుగు ప్రయాణంలో ఒక లడ్డూ చేతిలో పెట్టి వెళ్తున్నారు. ఇంకా మా ఇంటికే వచ్చి దిగేది మావారి పల్లె వాళ్లు, పుంగనూరు వైపు నుంచి. హోటలు గదికి వాళ్ల దగ్గర డబ్బుండదు. ఆయన బాధంతా వాళ్ల గురించే. ఆ బాధ న్యాయమైనది కాబట్టి నేను గట్టిగా వాదించలేకపోతున్నాను.

మరోవైపు ఇంటి పని నాకు శక్తికి మించి పోయింది. ట్యాంకు చూడటానికి, మేడ మీద ఆకులు ఊడ్వటానికి నేనే ఎక్కాలి. 2021 నవంబరు వానలకు వీధి నీళ్లు గడప దాకా వచ్చినప్పుడు బియ్యం డబ్బాలు, గ్యాసుబండ మేమిద్దరమే మిద్దె మీదికి చేరవేశాం. మళ్లీ అలాంటి వాన వస్తే ఆయన చేత ఒక బిందె కూడా మోయించలేను.

బ్రోకరు కోటిన్నర దాకా పలుకుతుందంటున్నారు. మేం చూసిన ఫ్లాటు 65 లక్షలు. పన్ను ఎంత పోతుంది? ఫ్లాటులో ఏం చూసుకోవాలి? ఇవన్నీ కాకుండా, ఉన్న ఇంట్లోనే సర్దుకునే దారి ఉందా? అనుభవం ఉన్నవారు చెప్పండి.


కొర్లగుంట పాతకాపు:

అమ్మా, మేం కిందటేడు కొర్లగుంటలో సొంత ఇల్లు అమ్మి కరకంబాడి రోడ్డు వైపు ఫ్లాటుకు వచ్చాం. మారినందుకు నాకు, మా ఆవిడకు సంతోషంగానే ఉంది. కానీ కొనేముందు చూసుకోవలసినవి బిల్డరు చెప్పడు కాబట్టి నేను చెబుతాను.

లిఫ్టు ఉంటే చాలదు, కరెంటు పోయినప్పుడు ఆ లిఫ్టుకు జనరేటరు ఉందో లేదో చూడండి. కొన్నిచోట్ల జనరేటరు మెట్ల లైట్లకే ఇస్తారు. స్నానాల గది తలుపు వెడల్పు టేపు పెట్టి కొలవండి. రేపు చక్రాల కుర్చీ అవసరమైతే పట్టాలి. గడప ఎత్తు, బాత్రూము నేల జారుడు, కమోడు పక్కన చేతిపట్టీ బిగించడానికి గోడ గట్టిగా ఉందా, ఇవన్నీ సార్ మోకాళ్లకు ముఖ్యం.

కొలత దగ్గర జాగ్రత్త. 1,200 అడుగుల ఫ్లాటు అంటారు, అందులో మెట్లు, వరండాలు, లిఫ్టు గోతి వాటా కూడా కలిపి ఉంటుంది. గోడల మధ్య నిజంగా మీ కాలు ఆనే చోటు ఎంతో అడగండి. ఆ చోటునే కార్పెట్ ఏరియా అంటారు, ఇళ్ల అమ్మకాలను నియంత్రించే 2016 రెరా చట్టం ఆ లెక్కనే అమ్మమంటుంది. స్థలంలో మీకు రాసిచ్చే అవిభాజ్య వాటా ఎన్ని అంకణాలో దస్తావేజులో చూడండి. ముప్పై ఏళ్ల తర్వాత భవనం పాతబడినా విలువ నిలబడేది ఆ వాటాకే.

నీళ్ల గురించి పక్కింటి ఆడవాళ్లను అడగండి, మగవాళ్లకు తెలియదు. బోరు వేసవిలో ఎండుతుందా, ట్యాంకరు తెప్పిస్తే ఖర్చు ఎవరెవరు పంచుకుంటారు, అన్నీ వాళ్లు చెబుతారు. 2021 వానలప్పుడు సెల్లారులో నీళ్లు నిలిచాయా అని వాచ్‌మన్‌ను అడగండి. మోటార్లు, లిఫ్టు యంత్రం, కరెంటు మీటర్లు సెల్లారులో ఉంటే ఒక్క వానకు భవనం మొత్తం స్తంభిస్తుంది.

ఇంకో మాట చెప్పడానికి మనసు రావడం లేదు గానీ చెప్పాలి. మన వయసువాళ్లం శుభాలతో పాటు అశుభం గురించి కూడా అడగాలి. మనిషి పోతే శవాన్ని లోపలికి తెచ్చి హాల్లో ఉంచనిస్తారా, కర్మలకు కింద చోటిస్తారా అని అసోసియేషన్ వాళ్లను నేను ముందే అడిగాను. మొదట చూసిన అపార్టుమెంటు వాళ్లు మొహం చిట్లించారు. అక్కడ కొనలేదు. ఇప్పుడున్నచోట కార్యదర్శి, "అది కూడా ఇల్లే కదా సార్" అన్నారు. ఆ మాటకే ఇక్కడ కొన్నాం.


రిటైర్డ్ క్యాషియర్:

పన్ను సంగతి చెబుతాను మేడమ్. నేను బ్యాంకులో ఉన్నాను గానీ ఆడిటరును కాను. చివరి లెక్క ఆడిటరు చేతనే వేయించండి.

2001 ఏప్రిల్ 1కి ముందు కట్టిన ఇల్లు కాబట్టి, మీరు పెట్టిన అసలు ఖర్చుకు బదులు ఆ రోజు నాటి మార్కెట్ విలువను తీసుకోవచ్చు. అయితే అది అప్పటి రిజిస్ట్రేషన్ విలువను మించకూడదు. అది 9 లక్షలని అనుకుందాం. 2024 జూలై 23కు ముందు కొన్న ఆస్తులకు రెండు దారులున్నాయి: ద్రవ్యోల్బణ సూచీ (పెరిగిన ధరలకు తగ్గట్టు పాత విలువను పెంచి చూసే లెక్క) లేకుండా లాభం మీద 12.5 శాతం, లేదా సూచీతో 20 శాతం. ఏది తక్కువైతే అది.

కోటిన్నరకు అమ్మితే, సూచీ లేకుండా మీ లాభం 141 లక్షలు, పన్ను సుమారు 17.6 లక్షలు. సూచీతో అయితే, 2001–02కు 100, 2025–26కు 376 కాబట్టి ఆ 9 లక్షలు 33.84 లక్షలవుతాయి. లాభం 116 లక్షలు, పన్ను సుమారు 23 లక్షలు. సెస్, సర్‌ఛార్జీ వీటికి అదనం. ఇక్కడిదాకా చూసి, 12.5 శాతమే మేలని చాలామంది ఆగిపోతారు. ఆగకండి.

మీరు ఇంకో ఇల్లు కొంటున్నారు కదా. పాత ఇల్లు అమ్మడానికి ఏడాది ముందు గానీ, అమ్మిన తర్వాత రెండేళ్లలో గానీ కొన్న ఇంటి ఖర్చు లాభంలోంచి తీసేయవచ్చు. అందరూ 54వ సెక్షన్ అనేది ఇదే. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి నంబరు మారుతుంది. ఫ్లాటు 65 లక్షలు, దాని మీద మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. అంటే దాదాపు 70 లక్షలు. అమ్మిన ఆరు నెలల్లోపు ప్రభుత్వ సంస్థల క్యాపిటల్ గెయిన్స్ బాండ్లలో 50 లక్షల దాకా పెడితే అదీ తీసేస్తారు. ఐదేళ్లు ఆ డబ్బు కదపకూడదు. ఇప్పుడు లెక్క తిరగబడుతుంది. సూచీ దారిలో 116లోంచి 120 పోతే పన్నే ఉండదు. సూచీ లేని దారిలో 21 లక్షలు మిగిలి వాటి మీద 2.6 లక్షలు కట్టాలి. కాబట్టి ఏ దారి మేలో ఫ్లాటు, బాండ్లు కలిపి చూశాకే తేల్చుకోండి.

పాత ఇల్లు ఎవరి పేరున ఉందో కొత్తది వారి పేరున ఉండాలి. సార్ పేరున ఉన్న ఇల్లు అమ్మి, ప్రేమకొద్దీ ఫ్లాటు మొత్తం మీ పేరున లేదా పిల్లల పేరున రాయిస్తే మినహాయింపు దగ్గర పేచీ వస్తుంది. కొత్త ఫ్లాటును మూడేళ్లలోపు అమ్మితే ఇచ్చిన మినహాయింపు వెనక్కి తీసుకుంటారు. కొనేవారు మీకిచ్చే సొమ్ములో ఒక శాతం టీడీఎస్ పట్టుకుంటారు, కంగారు పడకండి, రిటర్నులో సర్దుబాటవుతుంది. ఫ్లాటు పూర్తయి కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ లేదు, కడుతుండగా కొంటే 5 శాతం.

బాండ్లలో 50 లక్షలు ఇరుక్కుపోతాయని భయపడేవాళ్లుంటారు. మీ ఇద్దరికీ పెన్షన్లు ఉంటే పెట్టండి. ఒకరికే ఉంటే, ఆసుపత్రి ఖర్చుకు చేతిలో ఎంత ఉండాలో ముందు పక్కన పెట్టుకున్నాకే పెట్టండి. పన్ను తప్పించుకోవడానికి మందుల డబ్బు తాళం వేసుకోవద్దు.


కట్టమంచి నివాసి:

అక్కా, మాది చిత్తూరు. మా నాన్నగారి ఇంటికి ఇదే సమస్య వస్తే అమ్మలేదు. బయటి నుంచి పైకి వేరే మెట్లు కట్టించి, పై వాటాకు వేరే కరెంటు మీటరు పెట్టించి అద్దెకిచ్చాం. అమ్మానాన్న కింద రెండు గదుల్లో ఉంటున్నారు. మేడ మీద ట్యాంకు, మోటారు అద్దెకున్నవాళ్లే చూసుకుంటారు. మీ వైపు స్విమ్స్, రుయా ఆసుపత్రులు, యూనివర్సిటీ ఉన్నాయి, నర్సులు, లెక్చరర్లు దొరకకపోరు. అమ్మేస్తే మళ్లీ ఆ అంకణాలు కొనలేరు.


మల్లెపందిరి:

తమ్ముడూ, నీ మాట మావారికి చదివి వినిపిస్తే ఆయన కళ్లు మెరిశాయి. నాకు మాత్రం రెండు అడ్డంకులు కనిపిస్తున్నాయి. పై హాలే అద్దెకు పోతే చుట్టాల చోటు ఎలాగూ పోయినట్టే కదా, మరి ఆయన అడిగే ప్రశ్నకు జవాబెక్కడ? రెండోది, కింద వాటాకు వాన భయం ఉండనే ఉంది. అద్దె వసూలు, గోడ చెమ్మ, తాళం పోయిందని రాత్రి తలుపు కొట్టడం, ఇవన్నీ మళ్లీ నా నెత్తినే పడతాయి. పిల్లలు దగ్గర లేనివారికి ఇది కష్టం. మీరు చిత్తూరులోనే ఉండి చూసుకుంటున్నారు, అది మీ అమ్మానాన్నల అదృష్టం.

క్యాషియర్ గారూ, ఇల్లు మావారి పేరునే ఉంది. ఫ్లాటు నా పేరున రాయిద్దామని ఆయన ముచ్చటపడ్డారు. ఆ ముచ్చట ఇప్పుడు మానిపించాలి. ఇద్దరికీ పెన్షన్లు ఉన్నాయి.


చెన్నై కూతురు:

అమ్మా, నేను మీ అమ్మాయి వయసుదాన్ని. పుట్టిల్లు తిరుపతిలో, తీర్థకట్ట వీధి దగ్గర. మా అమ్మ చిన్న ఇంటికి మారినప్పుడు సామాను దగ్గర జరిగింది చెబుతాను, మీకు పనికొస్తుంది.

అమ్మ ప్రతి వస్తువుకూ నాకు ఫోను చేసేది. ఇత్తడి గంగాళం నీకు కావాలా, రుబ్బురోలు కావాలా, బొమ్మల కొలువు మెట్లు కావాలా అని. నేను వద్దన్నప్పుడల్లా ఆమె నొచ్చుకునేది. నాకున్నది రెండు గదుల ఫ్లాటు, గంగాళం పెడితే మనుషులు పట్టరు. చివరికి మా అన్నయ్య ఒక పద్ధతి పెట్టాడు: మేం వచ్చి, మాకు కావలసినవి మేమే ఎంచుకుంటాం, మిగతా వాటి గురించి అమ్మ మమ్మల్ని అడగనక్కర్లేదు. నేను కొలువు బొమ్మల్లో దశావతారాలు, మరపాచి జంట తీసుకున్నాను. అన్నయ్య నాన్న గోడ గడియారం తీసుకున్నాడు. గంగాళం మా వీధి భజన మందిరానికి వెళ్లింది, శ్రీరామనవమికి అందులోనే పానకం కలుపుతున్నారు. అమ్మ అది చూసి వచ్చాక సామాను గురించి మళ్లీ బెంగపడలేదు.

ఇంకొకటి, కూతురిగా నేను చెప్పవచ్చు. ఇల్లు అమ్మిన డబ్బు పిల్లలకు పంచేయాలని మీకు అనిపిస్తుంది, మావాళ్లకూ అనిపించింది. తొందరపడకండి. ఇస్తే గిఫ్టు దస్తావేజులో మిమ్మల్ని చూసుకోవాలనే షరతు రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకుంటామనే షరతు మీద తీసుకుని చూడకపోతే ఆ బదిలీని రద్దు చేయించవచ్చు. షరతు రాయకపోతే నిరూపించుకోవడం కష్టమవుతుంది. మంచి పిల్లలున్నవారు కూడా రాయించుకోవాలి, అందులో అవమానమేమీ లేదు. మా నాన్న రాయించారు, మేం సంతకాలు పెట్టాం.


మల్లెపందిరి:

అందరికీ పేరుపేరునా నమస్కారం. మీరు రాసినవన్నీ మావారికి ఒక్కొక్కటిగా చదివి వినిపించాను. అశుభం గురించిన మాట దగ్గర ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అడగాల్సిందే" అన్నారు.

చుట్టాల ప్రశ్నకు జవాబు నేను చెబితే ఆయన వినరని తెలుసు. అందుకే పల్లెలో ఉన్న వాళ్ల పెదనాన్న కొడుక్కి ఫోను చేసి మావారినే మాట్లాడమన్నాను. ఇల్లు మారితే మీరంతా ఎలా అని ఈయన గొంతు పూడుకుపోతూ అడిగారు. ఆయనేమో నిదానంగా, "మాకు కొండ మీద యాత్రికుల సముదాయంలో చాప, లాకరు ఇస్తారు, వెంగమాంబ సత్రంలో అన్నం పెడతారు. కింద విష్ణునివాసం రైల్వేస్టేషన్ ఎదురుగానే ఉంది. మేం మీ ఇంటికి వచ్చేది చాప కోసం అనుకున్నావా? మిమ్మల్ని చూడటానికి. ఫ్లాటైనా వస్తాం, ఒక పూట అన్నం పెట్టండి" అన్నారు. నేను పక్కనే ఉండి విన్నాను. ముసలివాళ్లు, బాలింతలు వస్తే వాళ్లకు ఒక గది ఉండాలన్నది మావారి షరతు. రెండో పడకగది వాళ్లదే, అందులో మా బీరువాలు పెట్టనని మాటిచ్చాను.

అయినా ఆయన అమ్మకానికి ఇంకా సరేననలేదు. నేనూ ఒత్తిడి చేయను. ఇద్దరం కలిసి ఒక పద్ధతికి వచ్చాం. ముందు 11 నెలల ఒప్పందం మీద ఒక ఫ్లాటు అద్దెకు తీసుకుంటాం. ఇల్లు అమ్మకుండా తాళం వేసి ఉంచుతాం. ఒక వానాకాలం, ఒక బ్రహ్మోత్సవం ఆ ఫ్లాటులో గడిస్తే ఆయన మోకాళ్లకు, నా నడుముకు, వచ్చేవాళ్లకు ఎలా ఉందో తెలుస్తుంది. ఆ తర్వాత అమ్మకం మాట. కొర్లగుంట అన్నగారు చెప్పిన టేపు, తలుపులు, సెల్లారు అన్నీ కాగితం మీద రాసుకున్నాను. పిల్లలిద్దరినీ దసరాకు రమ్మన్నాం, కావలసినవి ఎంచుకోమని చెప్పాం.

ఒక్క సహాయం కావాలి. ఎం.ఆర్.పల్లి, పద్మావతీపురం, ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు అద్దెకు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు ఎవరికైనా తెలిస్తే చెప్పండి. మూడో అంతస్తు లోపు, జనరేటరు లిఫ్టుకు కూడా ఉండాలి, మోటారు, మీటర్లు సెల్లారులో ఉండకూడదు. స్విమ్స్‌కు ఆటోలో తేలిగ్గా వెళ్లేలా ఉంటే మేలు. బాల్కనీలో తూర్పు ఎండ పడితే కరివేపాకు కుండీ, మల్లె కుండీ నేనే తెచ్చుకుంటాను. బ్రోకరు కమిషను ఎంతైనా ఇస్తాం, అసోసియేషన్ వాళ్లతో మాత్రం ముందు నేనే మాట్లాడాలి.